ఇంటి దగ్గరే కారు ఇంజన్, క్రాస్‌మెంబర్ దించడం ఎలా

ఇంజన్ దించాలనగానే అందరికీ బరువు భయం పట్టుకుంటుంది. బరువు సంగతి క్రేన్ చూసుకుంటుంది. క్రాస్‌మెంబర్ అంటే ఇంజన్ కింద బండికి అడ్డంగా బిగిసి, స్టీరింగ్ ర్యాకునీ చక్రాల ఆర్ములనీ మోసే ఇనప చట్రం. చెన్నైలో ఈ పని మధ్యలో ఆగిపోయేది ఎక్కువగా రెండు చోట్ల. క్రాస్‌మెంబర్ బోల్టు తుప్పుకి బిగుసుకుపోయినప్పుడు ఒకటి, నేల మీదికి దిగిన ఇంజన్‌ని బండి కిందనుంచి బయటికి లాగడానికి ఎత్తు చాలనప్పుడు రెండోది. ఈ రెండింటినీ స్పానర్ పట్టకముందే తేల్చుకోవాలి.

ఇక్కడ చెప్పేది ఇంజన్ అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పే చిన్న పెట్రోల్ కార్ల సంగతి, అంటే 1 నుంచి 1.3 లీటర్ల హ్యాచ్‌బ్యాక్‌లు. అంబాసడర్, ఓమ్ని లాంటి బళ్లకి ఈ వరస పనికిరాదు. పాత చిన్న కార్లు కొన్నింటిలో బానెట్ తీసేసి ఇంజన్‌ని పైకే లాగెయ్యొచ్చు. మీ బండి అలాంటిదైతే క్రాస్‌మెంబర్ జోలికే పోకండి. వర్క్‌షాప్ మాన్యువల్ ఒకటి సంపాదించండి. ఏ బోల్టు ఎంత బిగించాలో అందులోనే ఉంటుంది, ఊహించి బిగించే పని కాదిది.

ఎత్తు లెక్క

బంపర్ తీసేశాక రేడియేటర్ కింద ఒక అడ్డ రేకు కనిపిస్తుంది. నేలనుంచి ఆ రేకు దాకా ఉన్న ఖాళీలోంచే ఇంజన్ బయటికి రావాలి. ఆయిల్ సంపు (ఇంజన్ అడుగున నూనె ఉండే తొట్టి) అడుగునుంచి ఇన్‌టేక్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టాలు) పైభాగం దాకా టేపు పెట్టి కొలవండి. మామూలుగా 60–65 సెంటీమీటర్లు వస్తుంది. కింద ట్రాలీకి 12, చెయ్యి ఆడడానికి 5 కలపండి. అంటే దాదాపు 80 సెంటీమీటర్ల ఖాళీ కావాలి.

అందరూ కొనేది 3 టన్నుల జాక్ స్టాండ్లు, అంటే లేపిన బండిని ఆనించి ఉంచే కాళ్లు. అవి పూర్తిగా లాగినా 40 సెంటీమీటర్లు దాటి కొంచెమే లేస్తాయి. బండి డోరు కింది అంచు మామూలుగానే 20 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి నిజంగా లేచేది 20 మాత్రమే. వెనక చక్రాలు నేల మీదే ఉంటాయి, స్టాండు వాటికి సుమారు 190 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, ముందు రేకు 290 దూరంలో ఉంటుంది. స్టాండు దగ్గర లేచినదానికి ఒకటిన్నర రెట్లు ముందు రేకు లేస్తుంది. 20 లేపితే అక్కడ 30 లేస్తుంది, మొదట ఉన్న 22తో కలిపి 52. చాలదు. 6 టన్నుల స్టాండ్లు 60 దాకా లేస్తాయి. వాటితో 40 లేపితే ముందు 60 లేస్తుంది, మొత్తం 82. సరిపోతుంది. ఇక్కడ పెద్ద స్టాండు కావాల్సింది బరువు కోసం కాదు, ఎత్తు కోసం. ఈ లెక్క చూసుకోకపోతే ఇంజన్ నేల మీద, బండి దాని మీద, వాచ్‌మన్ పక్కన నిలబడి చూస్తూ ఉంటాడు. మీ బండి కొలతలు వేరుగా ఉంటాయి, టేపుతో మీరే కొలుచుకోండి. ఇంకా నాలుగు సెంటీమీటర్లు తక్కువైతే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌ని ముందే విప్పేస్తే కలిసొస్తుంది.

చోటు, సామాను

వాలుగా ఉన్న పోర్టికో వద్దు. అపార్ట్‌మెంట్ పార్కింగ్ అయితే అసోసియేషన్ వాళ్లతో ముందే మాట్లాడుకోండి. స్పేర్లు దొరికేదాకా బండి వారం పది రోజులు కదలదు. నేల పేవర్ బ్లాకులదైతే స్టాండు కాళ్లు కుంగుతాయి, ట్రాలీ చక్రాలు సందుల్లో ఇరుక్కుంటాయి. 18 మి.మీ. ప్లైవుడ్ షీటు పరుచుకోండి. మే నెల కత్తిరి ఎండల్లో తారు నేల మీద పెట్టడం కూడా ఇంతే ప్రమాదం, మధ్యాహ్నానికి మెత్తబడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పైకప్పు లేని చోట మొదలుపెట్టొద్దు.

పోర్టికో స్లాబులో ఉన్న ఉయ్యాల కొక్కేనికి చైన్ బ్లాక్ (గొలుసుతో బరువు లేపే కప్పీ) తగిలించొద్దు. ఇంజన్, గేర్‌బాక్స్ కలిసి 120–150 కిలోలుంటాయి, కుదుపుకి ఆ భారం ఇంకా పెరుగుతుంది. మడత పెట్టే 2 టన్నుల ఇంజన్ క్రేన్ ఒకటి రోజు అద్దెకి తెచ్చుకోండి. దాని బూమ్ (ముందుకి చాచిన చెయ్యి) పొడవు పెంచేకొద్దీ మోసే శక్తి తగ్గుతుంది. చివరి రంధ్రం దగ్గర 500 కిలోలే మోస్తుందని బూమ్ మీదే రాసి ఉంటుంది. అయినా ఈ పనికి అది చాలు.

ఇంకా కావాల్సినవి: 3 టన్నుల ట్రాలీ జాక్, 8 నుంచి 22 మి.మీ. దాకా సాకెట్లు, యాక్సిల్ నట్టుకి 30 లేదా 32 మి.మీ. సాకెట్ (మీ బండికి ఏదో చూసుకుని), అరంగుళం బ్రేకర్ బార్ (బిగుసుకున్న నట్టు వదిలించే పొడుగు పిడి), టార్క్ రెంచ్ (ఎంత బిగించామో చూపే స్పానర్), బాల్ జాయింట్ పుల్లర్, తుప్పు వదిలించే స్ప్రే రెండు డబ్బాలు, వైరు బ్రష్, పెయింట్ మార్కర్, మాస్కింగ్ టేపు, జిప్ కవర్లు, కట్టు తీగ, మంటలార్పే సిలిండర్. నాలుగు తిరిగే చక్రాలు బిగించిన 3 అడుగుల ప్లైవుడ్ పలకే ట్రాలీ. తోడుగా ఒక మనిషి తప్పకుండా ఉండాలి.

కొత్త యాక్సిల్ నట్లు, క్రాస్‌మెంబర్ బోల్టులు, గేర్‌బాక్స్ ఆయిల్ సీళ్లు చెన్నై స్పేర్ల బజారు జి.పి. రోడ్డులో ముందే తెచ్చిపెట్టుకోండి. విప్పాక పరుగెత్తితే ఆదివారమై ఉంటుంది.

మూడు రోజుల ముందే బోల్టుల దగ్గరికి

క్రాస్‌మెంబర్‌ని పట్టి ఉంచేది నాలుగు నుంచి ఆరు లావు బోల్టులు, 17 లేదా 19 సైజు. ఇవి ఎక్కేది ఛాసిస్ రైలు (బాడీ కింద పొడుగునా ఉండే బోలు దూలం) లోపల వెల్డు చేసిన నట్లలోకి. ఆ నట్టు కంటికి కనిపించదు, చేతికి అందదు. తిరువాన్మియూరు, బెసంట్ నగర్, రాయపురం వైపు సముద్రపు గాలికి ఏళ్ల తరబడి నిలబడ్డ బండిలో ఈ మరలు ఉప్పుతో బిగుసుకుపోతాయి. 2015 డిసెంబరులోనో, 2023 మిచాంగ్ తుపానులోనో నీళ్లలో మునిగిన బండి అయితే ఇంకా ఘోరం. క్రాస్‌మెంబర్ డబ్బాలా బోలుగా ఉంటుంది. దాని లోపలికి చేరిన బురద తడిని ఏళ్ల పాటు పట్టి ఉంచి లోపలినుంచే తింటుంది. పైన నల్ల పెయింటు మాత్రం నిగనిగలాడుతూ ఉంటుంది.

అందుకే దించే రోజుకి మూడు రోజుల ముందునుంచి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ బోల్టులకి స్ప్రే కొట్టండి. తల మీద కొడితే పెద్దగా లాభం లేదు. మర కొస రైలు లోపల ఉంటుంది కాబట్టి రైలుకి ఉన్న రంధ్రాల్లోంచి సన్నని గొట్టం దూర్చి పైనుంచి కొట్టాలి. పైకి కనిపించే మరలు ఉంటే ముందు వైరు బ్రష్‌తో రుద్దండి.

మొదటి రోజు: పైపని

ప్రతి గొట్టాన్నీ, ప్రతి కనెక్టర్‌నీ విప్పకముందు ఫొటో తీయండి. రెండు కొసలకీ టేపు అతికించి ఒకే నంబరు రాయండి. ఒక కొసకే రాస్తే తిరిగి బిగించేటప్పుడు సగమే ఉపయోగం.

పెట్రోల్ లైనులో సుమారు 3 బార్ల ఒత్తిడి ఉంటుంది. ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి, ఇంజన్ స్టార్ట్ చేసి దానంతటదే ఆగిపోయేదాకా నడవనివ్వండి. మళ్లీ రెండుసార్లు సెల్ఫ్ కొట్టండి. తర్వాత బ్యాటరీ మైనస్ తీగ, ఆపైన ప్లస్ తీగ విప్పి బ్యాటరీని, ట్రేనీ బయట పెట్టండి. ఇంజన్ పూర్తిగా చల్లారాకే లైను విప్పండి, అప్పుడు కూడా గుడ్డ చుట్టే. ట్యాంకులో పావువంతు కంటే తక్కువ పెట్రోల్ ఉంచుకోండి, బండి 12 డిగ్రీలు వాలి నిలబడబోతోంది.

తర్వాత చల్లారిన కూలెంట్ దించండి. 4–5 లీటర్లు వస్తుంది. అది తియ్యగా ఉంటుంది, విషం. వీధి కుక్క కొంచెం తాగినా చచ్చిపోవచ్చు. బేసిన్‌లో వదిలేసి టీకి వెళ్లకండి. గేర్‌బాక్స్ ఆయిల్ కూడా ఇప్పుడే దించాలి, లేకపోతే చక్రాలకి వెళ్లే షాఫ్టు లాగినప్పుడు అంతా నేల మీదికి వస్తుంది. కాలిన నూనెని డబ్బాకెత్తి పాత ఆయిల్ కొనేవాళ్లకి ఇవ్వండి, వాననీటి కాలువలో పోయొద్దు.

ఏసీ గొట్టాలు విప్పొద్దు. గ్యాస్ చేతికో కంటికో తగిలితే గడ్డకట్టించి గాయం చేస్తుంది, పైగా తిరిగి నింపించే ఖర్చు. కంప్రెసర్‌కి ఉన్న బోల్టులు మాత్రం తీసి, గొట్టాలతో సహా దాన్ని పక్కకి జరిపి, తీగతో బాడీకి కట్టేయండి. గొట్టాల మీద బరువు వేలాడకూడదు.

ఎయిర్ ఫిల్టర్ పెట్టె, థ్రోటిల్ కేబుల్, క్లచ్ కేబుల్, గేర్ కేబుళ్లు, హీటర్ గొట్టాలు, బ్రేక్ బూస్టర్ గొట్టం, రేడియేటర్ గొట్టాలు, ఫ్యాను ఒక్కొక్కటిగా తీయండి. పదేళ్ల వేడికి ప్లాస్టిక్ కనెక్టర్ల లాకులు పెళుసెక్కి ఉంటాయి. స్క్రూడ్రైవర్‌తో పొడవకుండా లాకుని వేలితో నొక్కి, కనెక్టర్‌ని ముందు లోపలికి తోసి, తర్వాత లాగండి.

సైలెన్సర్ ముందు గొట్టం నట్లకీ అదే తుప్పు జబ్బు. ఆక్సిజన్ సెన్సర్ తీగ ముందు విప్పి తర్వాత ఆ నట్ల మీద పడండి. స్టడ్డు తెగితే కంగారు లేదు, డ్రిల్ చేసి కొత్తది వేయొచ్చు. క్రాస్‌మెంబర్ బోల్టుకి ఆ వెసులుబాటు ఉండదు.

ఇప్పుడు స్టీరింగ్. చక్రాలు నేరుగా పెట్టి, సీటు బెల్టుని స్టీరింగ్‌లోంచి దూర్చి బిగించి కట్టేయండి. లేదా తాళం తీసి స్టీరింగ్ లాక్ పడేలా చూసుకోండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండిలో స్టీరింగ్ వెనక చుట్టలా తిరిగే సన్నని కేబుల్ ఉంటుంది. కింద స్టీరింగ్ షాఫ్టు విప్పాక ఎవరైనా ఊరికే స్టీరింగ్ నాలుగు చుట్లు తిప్పారంటే ఆ కేబుల్ తెగుతుంది, ఎయిర్‌బ్యాగ్ దీపం వెలుగుతుంది. పెడళ్ల దగ్గర షాఫ్టు కీలు మీద పెయింటుతో గీత గీసి, దాని బోల్టు పూర్తిగా తీసేయండి. మోటారు స్టీరింగ్ కాలమ్ మీదే ఉన్న ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ అయితే ఇక్కడితో సరి. పాత హైడ్రాలిక్ రకమైతే నూనె దించి రెండు పైపుల కొసలూ కవరుతో కట్టాలి.

రెండో రోజు: చక్రాలు, షాఫ్టులు

యాక్సిల్ నట్టు బండి ఇంకా నేల మీద ఉండగానే వదులు చేయాలి. నట్టు అంచు షాఫ్టు గాడిలోకి కొట్టి ఉంటుంది, దాన్ని ముందు ఉలితో లేపండి. లోపల మనిషి బ్రేకు తొక్కి ఉంచితే మీరు బ్రేకర్ బార్‌తో ఒక చుట్టు వదులు చేయండి, అంతే. నట్టు పూర్తిగా వదులైన బండిని ఒక్క అడుగు కూడా దొర్లించొద్దు, హబ్ బేరింగ్ పాడవుతుంది.

వెనక చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు పెట్టి హ్యాండ్ బ్రేకు వేయండి. గేరులో ఉంచాం కదా అనుకోకండి, షాఫ్టులు ఊడాక గేరు దేన్నీ ఆపదు. జాక్ మామూలుగా క్రాస్‌మెంబర్ మధ్యలో పెట్టే అలవాటు అందరిదీ. ఇవాళ అదే ఊడబోతోంది కాబట్టి డోరు కింది గట్టి పాయింట్ల దగ్గర, ఒక్కోసారి 10 సెంటీమీటర్లు మించకుండా, ఎడమా కుడీ మార్చి మార్చి లేపండి. జాక్ అందకపోతే దాని తల గిన్నె మీద గట్టి చెక్క దిమ్మ ఒకటే పెట్టాలి. రెండు దిమ్మలు ఒకదాని మీద ఒకటి వద్దు. లేపుతున్నంతసేపూ జాక్ చక్రాలు నేల మీద జరగగలిగేలా ఉండాలి, లేకపోతే బండే జారుతుంది. స్టాండ్ల మీద నిలిచాక బాడీని చేత్తో గట్టిగా ఊపి చూడండి. ఊగితే దించి మళ్లీ పెట్టండి.

చక్రాలు తీశాక బ్రేకు కాలిపర్‌ని విప్పి స్ప్రింగుకి తీగతో వేలాడదీయండి, బ్రేకు పైపు విప్పే పని లేదు. టై రాడ్ కొసలు, లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్లు, స్టెబిలైజర్ లింకులు నకిల్ (చక్రం హబ్‌ని పట్టి ఉంచే దిమ్మ) నుంచి విడదీయండి. పుల్లర్ వాడండి. సుత్తితో మర కొస మీద కొడితే అది పుట్టగొడుగై కూర్చుంటుంది. నకిల్‌ని బయటికి లాగి పట్టుకుంటే షాఫ్టు కొస హబ్‌లోంచి వస్తుంది. గేర్‌బాక్స్ వైపు కొసని మీటే కడ్డీతో మెల్లగా కదిపి విడిపించండి. షాఫ్టుని మధ్యలో పట్టుకుని గుంజితే లోపలి జాయింట్ విడిపోయి రోలర్లు బూటులో చెల్లాచెదరవుతాయి. ఒక కొస వేలాడుతూ వదిలేయొద్దు.

క్రాస్‌మెంబర్

చాలా చిన్న కార్లలో ఇంజన్ నిజానికి క్రాస్‌మెంబర్ మీద కూర్చోదు. పైన రెండు మౌంటింగులకి (రబ్బరు దిమ్మలున్న బ్రాకెట్లకి) వేలాడుతుంది. కింద క్రాస్‌మెంబర్‌కి ఉన్నది ఇంజన్ ముందుకీ వెనక్కీ ఊగకుండా పట్టే ఒక టార్క్ రాడ్ మాత్రమే. ఇది తెలియక రెంటినీ కలిపి జాక్ మీద దించబోతే పై బోల్టులు ఊడగానే ఇంజన్ పక్కకి దొర్లుతుంది. అందుకే ఇంటి దగ్గర ముందు క్రాస్‌మెంబర్, తర్వాత ఇంజన్, విడివిడిగా దించడమే మంచిది. లిఫ్టు ఉన్న షెడ్డులో రెండూ కలిపి దించితే పని తొందరగా అవుతుంది, ఆ సంగతి వేరు.

క్రేన్ గొలుసుని ఇంజన్‌కి కంపెనీ ఇచ్చిన రెండు కొక్కేలకి తగిలించి బరువు అందుకునేదాకా బిగించండి. కొక్కెం లేకపోతే గట్టి బ్రాకెట్ వేసి 8.8 గ్రేడు బోల్టు వాడండి. అల్యూమినియం హెడ్‌లో ఆ బోల్టు తన లావుకి కనీసం ఒకటిన్నర రెట్లు లోపలికి దిగాలి. తర్వాతే టార్క్ రాడ్ విప్పండి.

ప్రతి బోల్టు వాషర్ చుట్టూ బాడీ మీద పెయింట్ మార్కర్‌తో గీయండి. క్రాస్‌మెంబర్ 3 మి.మీ. జరిగి బిగిసినా తర్వాత స్టీరింగ్ వంకరగా నిలుస్తుంది, బండి ఒక పక్కకి లాగుతుంది. కింద జాక్ పెట్టి క్రాస్‌మెంబర్‌ని ఆనించి ఉంచండి. ర్యాకు, ఆర్ములతో కలిపి అది సుమారు 30 కిలోలు ఉంటుంది.

ఇప్పుడు బోల్టు. పావు చుట్టు వదులు చేయండి, తిరిగి అరపావు బిగించండి, స్ప్రే కొట్టండి, మళ్లీ పావు. ఇలా ముందుకీ వెనక్కీ చేస్తుంటే తుప్పు పొడిగా రాలి కిందపడుతుంది. చేతికి తెలిసేది ఇది: కీచుమని శబ్దం చేస్తూ ఉలికిపాటుగా కదిలితే బోల్టు వస్తోందని అర్థం. శబ్దం లేకుండా రబ్బరులా మెత్తగా సాగుతూ తిరిగితే తెగబోతోంది, అక్కడే ఆపండి. ఇంపాక్ట్ గన్‌తో ఆ తేడా తెలియదు. మొదటి విప్పుడు చేత్తోనే కానివ్వండి.

బోల్టు తిరుగుతోంది కానీ ఒక్క మర కూడా కిందికి రావడం లేదంటే లోపలి నట్టు వెల్డు వదిలేసింది. క్రాస్‌మెంబర్‌కీ బాడీకీ మధ్య మీటే కడ్డీ దూర్చి కిందికి ఒత్తిడి పెట్టి తిప్పి చూడండి. కొన్నిసార్లు ఆ ఒత్తిడికే నట్టు పట్టు దొరికి బోల్టు వస్తుంది. రాకపోతే తల కోసేయడమే. అలా కోస్తే రైలుకి కిటికీ తెరిచి కొత్త నట్టు వెల్డు చేయించాల్సి ఉంటుంది. అది టింకరింగ్ తెలిసిన వెల్డరు పని. ఇంటి దగ్గర గ్రైండర్ పట్టాల్సి వస్తే పక్కనే పెట్రోల్, బ్రేకు పైపులుంటాయని గుర్తుపెట్టుకోండి. తడి గోనె కప్పి, సిలిండర్ పక్కన పెట్టుకుని కోయండి.

తీసిన బోల్టుల పొడవులు ఒకేలా ఉండవు. అట్టపెట్టె ముక్క మీద క్రాస్‌మెంబర్ బొమ్మ గీసి, ఏ బోల్టు ఏ మూలదో అక్కడే గుచ్చి పెట్టండి. చివరి రెండు బోల్టులూ తీసేటప్పుడు ఒకరు స్టీరింగ్ షాఫ్టు కీలు ఊడుతోందో లేదో చూస్తూ ఉండాలి. జాక్ మెల్లగా వదలండి.

ఇంజన్

క్రేన్‌ని కొద్దికొద్దిగా లేపుతూ మౌంటింగ్ రబ్బరు నొక్కుడూ సాగుడూ లేకుండా నిలిచే చోటు కనుక్కోండి. ఆ చోట మధ్య బోల్టు వేళ్లతోనే తిరిగి వస్తుంది. స్పానర్ కావాల్సి వస్తోందంటే గొలుసు సరిగ్గా లేనట్టే. ముందు గేర్‌బాక్స్ వైపు, తర్వాత బెల్టుల వైపు.

5 సెంటీమీటర్లు దించి ఆపండి. టార్చి పట్టి చుట్టూ చూడండి. మరిచిపోయేవి ఎప్పుడూ అవే: గేర్‌బాక్స్ వెనక ఎర్త్ పట్టీ, రివర్స్ లైటు కనెక్టర్, ఆయిల్ ప్రెషర్ స్విచ్ తీగ. ఇంకో 15 దించి మళ్లీ చూడండి. చాలా బళ్లలో గేర్‌బాక్స్ కొసని కొంచెం కిందికి వంచితేనే రైళ్ల మధ్యనుంచి దిగుతుంది. వేళ్లు ఇంజన్‌కీ బాడీకీ మధ్య పెట్టకండి, తోయాలంటే కర్రతో తోయండి. కిందికి ఎవరూ దూరకూడదు.

ట్రాలీ మీద గేర్‌బాక్స్ కింద, అటు కొసన బ్లాకు అంచు కింద చెక్క దిమ్మలు పెట్టి దించండి. రేకు సంపు మీద బరువు ఆననివ్వొద్దు. అది సొట్టపడితే ఆయిల్ పీల్చే జాలీకి అడ్డం వస్తుంది. ఇంజన్‌ని పట్టీతో పలకకి కట్టేశాకే గొలుసు విప్పి, క్రేన్ తీసేసి, ముందుకి లాగండి.

బయటికి వచ్చాక

క్లచ్ సెట్టు, క్రాంకు వెనక సీలు, మౌంటింగులు ఇప్పుడే మార్చేయండి. ఇవి మార్చడానికే మళ్లీ ఇంత పని ఎవరూ చేయలేరు. క్రాస్‌మెంబర్‌ని చిన్న సుత్తితో అంగుళం అంగుళం తట్టండి. టంగుమంటే బాగుంది, డబడబమంటే లోపల రేకు పోయింది. ముఖ్యంగా ఆర్ములు బిగిసే చెవుల దగ్గర చూడండి. అక్కడ పోయినదాన్ని అతుకు వేసి వాడొద్దు. పుదుపేటలో పాతది దొరుకుతుంది, దాన్ని కూడా ఇలాగే తట్టి చూసి, లోపల బురద లేదని చూసుకుని కొనండి. మొత్తం ఇంజనే పాతది కొనేటట్టయితే దాని నంబరుకి కాగితాలు అడిగి తీసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజన్ మార్పు ఆర్‌టీఓకి తెలపాలి, కొత్త నంబరు ఆర్‌సీలో ఎక్కాలి.

తిరిగి ఎక్కించడం ఇదే వరస వెనక్కి. క్రాస్‌మెంబర్ బోల్టులన్నీ చేత్తో ఎక్కేదాకా ఒక్కదాన్నీ బిగించొద్దు. పాత పెయింటు గీతలకి సరిపెట్టి, మాన్యువల్ చెప్పినంత టార్క్ వేయండి. ఆయిల్, గేర్ ఆయిల్, కూలెంట్ నింపాక ఫ్యూయల్ పంపు ఫ్యూజు పెట్టకుండానే, మధ్యమధ్య ఆగుతూ, ఆయిల్ దీపం ఆరేదాకా సెల్ఫ్ కొట్టండి. తర్వాత ఫ్యూజు పెట్టండి. సెల్ఫ్ నీరసంగా తిరిగి, క్లచ్ కేబుల్ వేడెక్కిందంటే ఎర్త్ పట్టీ బిగించడం మరిచిపోయారు. కరెంటు ఆ కేబుల్ గుండా దారి వెతుక్కుంటోంది.

లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులు మాత్రం బండి స్టాండ్ల మీద ఉండగా పూర్తిగా బిగించొద్దు. చక్రాలు నేలకి ఆని, బండి బరువు పడ్డాకే బిగించండి. గాల్లో బిగిస్తే బుష్ రబ్బరు మెలిపడిన చోటే పట్టుకుని కొన్ని నెలల్లో చీలుతుంది. అది అయ్యాక నేరుగా వీల్ అలైన్‌మెంట్‌కి పోనివ్వండి.